పెళ్ళి పళ్ళెంలో తొమ్మిదో ముక్క

బ్ర్నో,
జనవరి 14.

మామయ్య గారికి,

ఫోనే చేద్దామనుకున్నాను. కానీ పోయిన ఆదివారం "జ్వరం తగ్గిందా?" అని నేను మూడుసార్లు అరిస్తే మీరు "ఆఁ, ఆఁ, బఠాణీలు నానబెట్టాను" అన్నారు. పక్కింటి రెనాతా గోడ తట్టి, "నాకు జ్వరం లేదు షార్కా, కాస్త మెల్లగా" అంది. నలభై ఏళ్ళు సానచక్రం ముందు కూర్చుని గాజు చెక్కినవాడికి చెవులు మిగలవని రాదిమ్ అనేవాడు. అందుకే ఉత్తరం.

రాదిమ్ బట్టల అల్మరా ఖాళీ చేస్తున్నాను. అతను పోయి రెండు నెలలు దాటింది కదా. "బట్టలు ఎవరికైనా ఇచ్చెయ్యి, ఇంట్లో గాలి మారుతుంది" అని నేను పనిచేసే ట్రాము డిపోలో అందరూ ఒకటే పోరు. కోట్ల వెనకాల ఒక బూట్ల డబ్బా కనపడింది. తెరిస్తే మా పెళ్ళినాటి గాజు పెంకులు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

అత్తయ్య ఆఖరి చలికాలం చెక్కిన పళ్ళెం అది. మా వైపు పెళ్ళిళ్ళలో హోటలువాడి పింగాణీ కంచం ఒకటి పగలగొట్టి ఊరుకుంటారు. మీ ఇంట్లోనేమో పెళ్ళికొడుకు తల్లి తన చేత్తో చెక్కిన పళ్ళెమే పగలాలి. "పగలబోయేదానికి ఇంత పనెందుకు అత్తయ్యా?" అని అడిగితే, "ఎంత పని పెడితే పెంకుల్లో అంత అదృష్టం" అన్నారావిడ. పెళ్ళి చూడకుండానే పోయారు. పళ్ళెం మాత్రం పెళ్ళికి వచ్చింది.

దాన్ని అతికించాలనుంది మామయ్యా. ఎందుకని అడగకండి. సామాన్ల కొట్టాయన కొత్తరకం జిగురు ఇచ్చాడు. రాస్తే నీళ్ళలా ఉంటుంది, వెలుతురు తగిలితే గట్టిపడుతుంది. దానితో స్నానాలగదిలో గాజు అర అతికించాను, భేషుగ్గా నిలబడింది. ఊరగాయ జాడీ గాజు మూతా అంటుకుంది. రాదిమ్ మట్టి కప్పుకి చెవి అతికించి ధీమాగా కాఫీ పోసుకున్నాను, చెవి నా వేలికే ఉంది, కప్పు ఒళ్ళో పడింది. ఇక పళ్ళెం ముట్టుకోవాలంటే భయమేసింది. మీ షాపులో గాజుకి ఇదే వాడేవారట కదా, ఎలాగో చెప్పండి.

ఇంకొకటి. ఇది ఎవరితోనూ అనలేదు. డబ్బాలో ఎనిమిది ముక్కలే ఉన్నాయి. తొమ్మిదోది లేదు. అంచు దగ్గరది, నెలవంకలా ఉండాలి. ఆ రోజు మేమిద్దరం చీపురు పట్టుకుని ఊడుస్తుంటే మీ చుట్టాలంతా ఆనవాయితీ ప్రకారం నవ్వుకుంటూ పెంకుల్ని కాళ్ళతో చెదరగొడుతున్నారు. ఒక పెంకు బెంచీ కిందకి జారడం నేను చూశాను. రాదిమ్ "ఇంకొకటి ఉంది షార్కా" అన్నాడు. కొత్త చెప్పులు, మడమలు రక్తాలు. "వదిలెయ్ బాబూ, అన్నీ అయిపోయాయి" అన్నాను. పెళ్ళినాడు ఊడవకుండా వదిలేసింది చేతులారా పోగొట్టుకున్నట్టే అని మా అమ్మమ్మ అనేది. అప్పుడు నవ్వాను. అయిదేళ్ళు గడిచి, నవంబరులో మంచు రోడ్డు మీద అతని రొట్టెల వ్యాను జారి చెట్టుకి గుద్దుకుంది. అప్పట్నుంచీ నా తలలో ఆ పెంకు ఒక్కటే.

నాది తప్పు మామయ్యా. ఒక్కసారి వంగి ఉంటే సరిపోయేది.

మీ
షార్కా


జెలెజ్నీ బ్రోద్,
జనవరి 20.
(పోస్టు చెయ్యనిది)

అమ్మా షార్కా,

ఆ పెంకు నా దగ్గరుంది.

ఈ ఒక్క ముక్క రాయడానికి నాలుగు కాగితాలు చించాను. అది నీ తప్పు కాదు. నువ్వు వంగి చూసినా బెంచీ కింద ఏమీ దొరికేది కాదు, అప్పటికే అది నా బూటు కింద ఉంది. ఎందుకంటావా? దాని అంచున జిగురు ఉంది కనుక. మీ అత్తయ్య లిబుషె పళ్ళెం మీ పెళ్ళికి రెండు రోజుల ముందే పగిలింది. పగలగొట్టింది నేను. అతికించి, ఏమీ ఎరగనట్టు బల్ల మీద పెట్టాను. మొత్తం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

పెళ్ళిలో పగలాల్సింది నిండు పళ్ళెం. ఒకసారి చచ్చినదాన్ని మీ చేత మళ్ళీ పగలగొట్టించాను. ఇది మా ఊళ్ళో ఎవరికి చెప్పినా ముఖం తిప్పుకుంటారు. వాడు పోయిన కబురు వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది వాడి ముఖం కాదు, ఆ అతుకు.

నీకిది చెబితే నువ్వు నన్ను వదిలేస్తావు. నాకు నువ్వు తప్ప ఇంకెవరున్నారు?

నీ దగ్గరున్న ముక్కల్లో దాని పక్కవి రెండు. వాటికీ ఆ జిగురు అంటుకునే ఉంటుంది. మామూలు వెలుతురులో కనపడదు. ఊదారంగు దీపం పెడితే నీలంగా వెలుగుతుంది, అతుకు సరిగా పడిందో లేదో చూసుకోవడానికని అందులో ఏదో కలుపుతారు. నువ్వు దీపం పెడితే నా బండారం

(ఇక్కడితో ఆగిపోయింది)


జెలెజ్నీ బ్రోద్,
జనవరి 21.

అమ్మాయ్ షార్కా,

మట్టి కప్పుకి వెలుతురు జిగురా! నా పరువు తీశావు. నా కోడలు ఈ పని చేసిందని ఇక్కడ తెలిస్తే బీరు అంగట్లో నా కుర్చీ తీసేస్తారు. వెలుతురు లోపలికి పోతేనే అది గట్టిపడేది. మట్టిలోకి ఎలా పోతుందే తల్లీ? పైపైన గట్టిపడి లోపల పచ్చిగానే ఉంటుంది. గాజుకైతే ఆ బాధ లేదు. ఎర్రగాజుకి మాత్రం వాడకు, అది వెలుతురుని మింగేస్తుంది.

కొట్టాయన ఇచ్చింది పారెయ్. మంచిది ఒక ట్యూబు పంపుతున్నాను. ముందు పెంకుల్ని సబ్బునీళ్ళతో కడిగి, స్పిరిటుతో తుడువు. పాత బనీను గుడ్డతో వద్దు, నూగు వస్తుంది. తుడిచాక అంచులు వేలితో ముట్టుకోకు, వేలి జిడ్డు జిగురుకి పగ. కర్టెన్లు వేసుకుని పనిచెయ్యి, లేకపోతే నీ చేతిలోనే గట్టిపడుతుంది. ఒక చుక్క చాలు, సందులోకి అదే పాకుతుంది. ఒకసారి ఒక అతుకే. రెండు ముక్కలు పట్టుకుని, కర్టెన్ తీసి, ఎండలో పెట్టు.

అది గట్టిపడడానికని ఊదారంగు దీపం కొనకు. అనవసరం. ఎండే చాలు. నా దగ్గరున్నది ఎప్పుడో చెడిపోయింది.

ఆ పెంకు సంగతి మనసులో పెట్టుకోకు. అమ్మమ్మల మాటలు పట్టుకుంటే బతకలేం. ఉర్లగడ్డల సూపు కాచుకుని తిను, ట్రాము నడిపేవాళ్ళకి చలి ఎముకల్లోకి పోతుంది.

వ్లాస్తిమిల్ మామయ్య


బ్ర్నో,
మార్చి 3.

మామయ్య గారికి,

మీ ఎండ ఏదీ? ఆరు వారాలుగా బ్ర్నోలో ఆకాశం తడిగుడ్డలా వేలాడుతోంది. మీరు చెప్పినట్టే కడిగాను, స్పిరిటుతో తుడిచాను, రాశాను, కిటికీ దగ్గర పట్టుకుని నిలబడ్డాను. అయిదు నిమిషాలు, పది నిమిషాలు, చేతులు తిమ్మిరెక్కాయి. పుస్తకాలు ఆనించి పెట్టి డ్యూటీకి వెళ్ళాను. వచ్చి చూస్తే ముక్కలు జారి, వంకరగా గట్టిపడి ఉన్నాయి. విడదీయబోతే చూపుడు వేలు తెగింది. మూడు కుట్లు. ట్రాము హ్యాండిలు ఎడమచేత్తో తిప్పుతుంటే ఒక ముసలాయన "ఏమ్మా, మొగుడు కొరికాడా?" అని హాస్యమాడాడు. "కొరకడానికి లేడండీ" అన్నాను. పాపం, ఆయన తరవాతి స్టాపులోనే దిగిపోయాడు. ఆయన దిగాల్సింది అక్కడ కాదని నాకు తెలుసు, రోజూ ఎక్కుతాడు.

నాకు ఒకటే అనిపిస్తోంది. జిగురు కూడా నా చేతిలో అంటుకోదు. వదిలేసినదాన్ని కదా. వదిలేసినదాని చేతికి ఏదీ నిలవదు.

రోజూ ఆ హాలు గుర్తొస్తుంది. బెంచీ, దాని కింద చీకటి, నా చెప్పులు. రాదిమ్ "ఇంకొకటి ఉంది" అన్న గొంతు ఉన్నదున్నట్టు వినపడుతుంది. మిగతా మాటలు మరిచిపోతున్నాను మామయ్యా, అదొక్కటే మిగిలింది. అతను నాతో చెప్పిన వేల మాటల్లో నాకు మిగలాల్సింది అదేనా?

వంకర అతుకు ఊడదీయడం ఎలాగో రాయండి.

షార్కా


జెలెజ్నీ బ్రోద్,
మార్చి 9.

షార్కా,

నీ వేలు తెగిందని చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. తప్పు నాది. చలికాలపు ఎండ, అదీ కిటికీ అద్దంలోంచి, నేను పంపిన జిగురుకి చాలదని నాకు తెలియకపోవడమేమిటి! ముసలితనం అనుకో.

అసిటోన్‌లో నానబెట్టు, గోళ్ళరంగు తీసేది అదే. మూతపెట్టిన గిన్నెలో మూడు నాలుగు రోజులుంచు. లాగకు, దానంతటదే ఊడుతుంది. తరవాత జూన్ దాకా ఆగు. జూన్ ఎండ మంచిది. అసలు ఆ డబ్బా మూసేసి మళ్ళీ అల్మరాలో పెట్టేస్తే మాత్రం ఏం? పగిలింది పగిలిపోయింది. పగలడానికే చేసిందది.

ఈస్టరుకి రా. లిబుషె చేసినట్టు గసగసాల రొట్టె నాకు రాదు గానీ, పక్కింటావిడని అడిగి తెప్పిస్తాను. నీతో మాట్లాడాల్సింది ఒకటుంది. ఉత్తరంలో రాసేది కాదు. అబ్బే, పెద్దదేం కాదు.

వాడి సమాధి రాయి మీద మంచు కరిగింది. తుడిచి వచ్చాను.

మామయ్య


బ్ర్నో,
మే 17.

మామయ్య గారికి,

ఈస్టరుకి రాలేకపోయాను, క్షమించండి. సెలవు దొరక్క కాదు. మీ ఇంట్లో రాదిమ్ చిన్ననాటి మంచం చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. రెనాతా సంగతి చెప్పాను కదా, ఇంట్లోనే ఆడవాళ్ళకి జెల్ గోళ్ళు పెడుతుంది, ఆ జెల్‌ని ఊదారంగు దీపం కింద గట్టిపరుస్తుంది. నా కట్టు చూసి ఏమైందని అడిగితే జిగురు సంగతి చెప్పాను. "నీ మొహం! అందుకు ఎండెందుకే, నా గోళ్ళ దీపం ఉండగా? నా జెల్లూ నీ జిగురూ అక్కాచెల్లెళ్ళు" అని దీపం చంకన పెట్టుకొచ్చింది. అసిటోన్ కూడా తనే ఇచ్చింది. ఇద్దరం వంటింటి బల్ల మీద కూర్చున్నాం. మొదటి అతుకు గట్టిపడడానికి అయిదు సెకన్లు పట్టింది. అయిదు సెకన్లు మామయ్యా! నేను పది రోజులు కిటికీ దగ్గర నిలబడ్డాను.

నాలుగు అతుకులయ్యాక అంచు ముక్కలు రెండు దీపం కిందకి తెచ్చాను. వాటి పక్కలు నీలంగా వెలిగాయి, సన్నటి గీతలా. మేమింకా జిగురు రాయలేదు. రెనాతా కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "ఇది పాత జిగురు. దీన్నెవరో ఇంతకుముందే అతికించారు" అంది. రెండు గీతలూ ఆ లేని ముక్క వైపే ఉన్నాయి.

నాకు వెంటనే అర్థమైంది. అత్తయ్య. ఆ చలికాలం ఆవిడ చేతులు ఎలా వణికేవో నేను చూశాను కదా, టీ కప్పు రెండు చేతుల్తో పట్టుకునేవారు. చెక్కుతుండగా అంచు విరిగి ఉంటుంది. మళ్ళీ మొదలుపెట్టే ఓపిక లేదు, కొడుకు పెళ్ళికి ఇవ్వకుండా పోవడం ఇష్టం లేదు. ఎవరికీ చెప్పకుండా అతికించేసి ఉంటారు. పాపం, ఆ రహస్యం గుండెల్లో పెట్టుకునే పోయారు. ఎంత కుమిలి ఉంటారో!

మీకు తెలుసా? తెలియకపోతే నేను చెప్పి తప్పు చేశానేమో. ఆవిడ మీద నాకేం కోపం లేదు. చర్చిలో ఆవిడ పేరున కొవ్వొత్తి వెలిగించి, "ఫరవాలేదు అత్తయ్యా" అన్నాను. ఈ మాట మనిద్దరి మధ్యే ఉంచుదాం. విరిగిన పళ్ళెం ఇచ్చిందని ఆవిడ గురించి ఎవరూ అనుకోకూడదు.

నా తప్పు మాత్రం అలాగే ఉంది. ఆవిడ అతికించిన ముక్కే, నేను వదిలేసిందీ అదే. ఇద్దరు ఆడవాళ్ళం చేరి అతని పెళ్ళిని ఇలా చేశాం.

మీ
షార్కా


జెలెజ్నీ బ్రోద్,
మే 21.

షార్కా,

లిబుషె జోలికి రాకు. ఆవిడ చేతిలో ఏదీ విరగలేదు. చేతులు వణికేవి, నిజమే. కానీ చక్రానికి గాజు ఆనించగానే వణుకు ఆగిపోయేది, నేను పక్కన నిలబడి చూసేవాణ్ణి. ఆ పళ్ళెంలో ఒక్క గీత తప్పు పోలేదు. విరగ్గొట్టింది నేను.

నాలుగు నెలలు తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. నువ్వు తప్పు నీ మీద వేసుకున్నప్పుడు నోరు మెదపలేదు. ఇప్పుడు చచ్చిపోయిన మనిషి మీదికి పోయింది. ఆవిడకి కొవ్వొత్తి వెలిగించావని చదివి ఉత్తరం కింద పెట్టేశాను. మళ్ళీ తీసుకోవడానికి సగం రోజు పట్టింది. ఇంకా నోరు మూసుకుంటే నేను మనిషినే కాను.

విను. మీ పెళ్ళి శనివారం. గురువారం పొద్దున లిబుషె అలమరలోంచి పళ్ళెం తీశాను. ఆవిడ పోయిన మార్చి నుంచి దాన్ని ముట్టుకోలేదు, దుమ్ము పట్టింది. కడుగుదామని కుళాయి తిప్పాను. వేడినీళ్ళు. చెక్కిన గాజు మీద వేడినీళ్ళు పొయ్యకూడదని ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. నేను ఆవిణ్ణి తలుచుకుని ఏడుస్తున్నాను, చెయ్యి ఎటు తిప్పిందో చూడలేదు. టిక్ మంది. అంచు దగ్గర నెలవంకలా ఒక ముక్క నా అరచేతిలోకి వచ్చింది.

షాపుకి తీసుకెళ్ళాను. మనవాళ్ళ జిగురు, మనవాళ్ళ దీపం. మంచి పనివాణ్ణి కదా, అతుకు కంటికి కనపడలేదు. కొత్త పళ్ళెం ఎవరిచేతైనా చెక్కించవచ్చు, రెండు రోజులున్నాయి. కానీ అది లిబుషెది కాదుగా. వాళ్ళమ్మ చెక్కిన పళ్ళెం అని రాదిమ్ నెల రోజులుగా అందరితో చెప్పుకుంటున్నాడు. "నాన్నా, జాగ్రత్తగా పట్టుకురా, నాకు కావల్సింది అదొక్కటే" అన్నాడు. వాడికి నిజం చెప్పడానికి నోరు రాలేదు.

పెళ్ళిలో హాలు గుమ్మంలో రాతి మీద పళ్ళెం పడింది. తొమ్మిది ముక్కలు. అన్నిటికంటే ముందు నాకు ఆ నెలవంక కనపడింది. విడిపోయిన చోటే మళ్ళీ విడిపోయింది, అంచున జిగురు అలాగే ఉంది. మీలో ఎవరైనా ఏరితే చేతికి తగులుతుందని భయపడ్డాను. అందరూ కాళ్ళతో తన్నుతున్నారు, నేనూ తన్నాను. బెంచీ కిందకి పోయింది. మీరు అటు తిరిగేలోగా బూటు పెట్టాను. రాదిమ్ "ఇంకొకటి ఉంది" అన్నప్పుడు అది నా కాలికిందే ఉంది. నువ్వు "అయిపోయాయి" అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నిన్ను ఆ క్షణంలో ఎంత దీవించానో!

నీ జనవరి ఉత్తరం చదివిన రోజునే చెప్పాల్సింది. రాశాను, పంపలేదు. దీపం చెడిపోలేదు. బల్లకింద ఉంది, ఇప్పటికీ వెలుగుతుంది. ఆ నీలం గీత నీకు కనపడకూడదని ఎండలో పెట్టమన్నాను. నీ వేలు తెగింది అందుకే.

ముక్క ఈ పార్సెల్‌లో పెట్టాను. దూదిలో ఉంది, జాగ్రత్త. పాత జిగురు నేనే అసిటోన్‌తో తీసేశాను.

నన్నేమన్నా పడతాను. నువ్వు మాత్రం నిన్ను నువ్వు ఏమీ అనుకోకు.

వ్లాస్తిమిల్


జెలెజ్నీ బ్రోద్,
జూలై 2.

షార్కా,

పార్సెల్ అందినట్టు పోస్టాఫీసు రసీదు మీద నీ సంతకం ఉంది. అందుకని పోలేదనే ధైర్యం. నువ్వు రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. కోపంగానైనా ఒక ముక్క రాస్తే బతికి ఉన్నావని తెలుస్తుంది.

బీరు అంగట్లో నలుగురి ముందూ చెప్పేశాను. అడ్డంగా తిడతారనుకున్నాను. నా గ్లాసు నింపి పెట్టారు. ఆ తరవాత ఎవరూ నా పక్కన కూర్చోలేదు.

మామయ్య


జెలెజ్నీ బ్రోద్,
ఆగస్టు 30.

షార్కా,

వాన బాగా పడింది. అడవిలో పుట్టగొడుగులు తెగ వచ్చాయి. ఏరుకొచ్చి ఎండబెట్టాను. నీకు పంపనా? వద్దంటే చెప్పు. ఏదో ఒకటి చెప్పు.

మామయ్య


బ్ర్నో,
అక్టోబరు 22.

మామయ్యా,

అయిదు నెలలు రాయలేదు. మూడుసార్లు మొదలుపెట్టి మానేశాను. మొదటిది మొత్తం తిట్లు. అది మీకు చేరలేదు గానీ, మీరు అందుకు అర్హులే. నేను తప్పు నాదని మీ కాళ్ళ దగ్గర ఏడుస్తూ రాస్తే, మీరు స్పిరిటు గురించీ బనీను గుడ్డ గురించీ రాశారు. ఆ పెంకు మీ దగ్గరే పెట్టుకుని! కోపమొచ్చింది. ఇప్పటికీ ఉంది. కుట్లు పడిన వేలు చలికి సలుపుతున్నప్పుడల్లా వస్తుంది.

కానీ రాయకపోవడానికి కారణం అది కాదు.

మీ ముక్క వచ్చిన వారానికి పళ్ళెం పూర్తిచేశాను. అది సరిగ్గా కూర్చుంది. రెనాతా దీపం పట్టుకుంది, అయిదు సెకన్లు, అయిపోయింది. తను "వాహ్" అని చప్పట్లు కొట్టి, నా ముఖం చూసి దీపం తీసుకుని వెళ్ళిపోయింది. పళ్ళెం బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. నిండుగా ఉంది. అయితే ఏం? ఇల్లు అలాగే ఉంది. కోట్లు లేని అల్మరా అలాగే ఉంది. నేను ఏదో అవుతుందని ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసి నా మీద నాకే జాలేసింది.

మీ ఉత్తరం చదివిన రోజు నాకు ఊరట కలగాలి కదా? నా తప్పు కాదని తేలింది. కలగలేదు మామయ్యా. కాళ్ళకింద నేల లాగేసినట్టయింది. ఎందుకో చాలా రోజులు అర్థం కాలేదు. ట్రాము నడుపుతూ నడుపుతూ ఒక రోజు అర్థమైంది, స్టాపులో ఆపి ఏడ్చాను, వెనకాల మూడు ట్రాములు ఆగిపోయాయి, డిపోలో మాట పడ్డాను.

నా తప్పు ఉన్నన్నాళ్ళూ అతను పోకుండా ఉండే దారి ఒకటుండేది. ఒకసారి వంగితే చాలు, ఆ పెంకు తీస్తే చాలు, అతను ఇంటికొచ్చేవాడు. రోజూ మనసులో ఆ హాలుకి వెళ్ళి వంగేదాన్ని. అతన్ని రోజూ బతికించుకునేదాన్ని. మీరు ఆ బెంచీ కింద ఏమీ లేదని చెప్పారు. ఇక నేను ఎక్కడికి వెళ్ళి వంగను?

మీ తప్పు అనుకుందామని చూశాను. రెండు నెలలు గట్టిగా చూశాను. వేడినీళ్ళ కుళాయికీ మంచు రోడ్డుకీ మధ్య ముడి వెయ్యబోయాను, పడలేదు. రొట్టెలు తీసుకెళ్తున్నాడు, రోడ్డు మీద మంచుంది, వ్యాను జారింది. అంతే. మీరు చెయ్యలేదు, నేను చెయ్యలేదు, అత్తయ్య చెయ్యలేదు. ఎవరూ ఏమీ చెయ్యకుండానే పోయాడు. ఇంతకాలం మనిద్దరం తప్పు నాదంటే నాదని పట్టుకుని కూర్చుంది ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. దాన్ని వదిలేస్తే అతను ఊరికే చచ్చిపోయినట్టు. దానికంటే నేను చంపానంటేనే నయంగా ఉండేది.

మిమ్మల్ని క్షమించానని రాద్దామనుకున్నాను. క్షమించడానికి ఏముంది? దీపం సంగతి దాచినందుకైతే క్షమించను, అది వేరే లెక్క, జీవితాంతం దెప్పుతాను, సిద్ధంగా ఉండండి.

నవంబరు రెండున అందరూ తమవాళ్ళ సమాధుల మీద దీపాలు పెడతారు. డిపోలో నాలుగు రోజులు సెలవు పెట్టాను. శనివారం పొద్దున పార్దుబిత్సెలో బండి మారి పదకొండున్నరకి దిగుతాను. పళ్ళెం తేవడం లేదు, ఇక్కడే ఉంటుంది. పుట్టగొడుగులు ఉంచండి, సూపు నేను కాస్తాను. రాదిమ్ గురించి మీకు తెలిసినవి చెప్పండి, అతను చిన్నప్పుడు చేసినవి, పెళ్ళి మాట ఒక్కటి లేకుండా. నాకు అతని మాటల్లో ఆ ఒక్కటీ కాక ఇంకేవైనా కావాలి.

మీరు స్టేషనుకి రండి మామయ్యా. ఇన్నాళ్ళూ మనం తప్పు గురించే ఏడ్చాం. అతని కోసం ఇంకా ఏడవనే లేదు.

షార్కా